బ్యాటరీ సైకిలు: అంగడివాని మాటయా, పరీక్షా పత్రమా?

మన నేత ఇండ్ల ముందర ఈ నాలుగైదు ఏండ్లలో ఒక కొత్త వాహనము వచ్చి నిలిచినది. కొందరు దానిని బ్యాటరీ సైకిలు అనుచున్నారు, కొందరు కరెంటు సైకిలు అనుచున్నారు. చూచుటకు సైకిలే. పెడలు ఉన్నది, గొలుసు ఉన్నది, గంట ఉన్నది. వెనుక చక్రపు నడిమి భాగములో చిన్న మోటారు, చట్రమునకు తగిలించిన బ్యాటరీ, ఇంతే భేదము. తొక్కువాని కాలికి అది తోడుపడును. గోదాము నుండి నూలు తెచ్చుకొనుటకు, నేసిన బట్ట సంఘమునకు అప్పగించుటకు, అద్దకపు చోటికి పోయి వచ్చుటకు మనవారు దీనిని వాడుచున్నారు. గుంట మగ్గములో కూర్చుండి ముప్పది నలుబది ఏండ్లు కాళ్ళాడించి మోకాళ్ళు అరిగిపోయిన పెద్దలకు ఇది ఊతకర్ర వంటిది. కనుక ఈ వాహనమునకు మేము విరోధులము కాము. మా సంఘ కార్యాలయము ముందర ప్రతి సోమవారము నాలుగైదు నిలబడియే యుండును. వానిని చూచి సంతోషించినవారమే.

అయితే దీనిని కొనునప్పుడు మనవారు అంగడిలో అడుగు ప్రశ్న ఒక్కటే: "దీనికి లైసెన్సు కావాల్నా?" అంగడివాడిచ్చు జవాబు కూడ ఒక్కటే: "ఏం అక్కర్లేదు కాకా, సైకిల్ లెక్కనే." ఈ జవాబు కొన్ని బండ్ల విషయములో నిజము. మరి కొన్నింటి విషయములో పచ్చి అబద్ధము. ఏది నిజమో ఏది అబద్ధమో అంగడిలో తేలదు. ప్రమాదము జరిగిన మరునాడు ఠాణాలో తేలును. అట్లు తేలిన ఒక సంగతిని మేము దగ్గర నుండి చూచినాము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేముండునది షోలాపూరు. నిరుడు శ్రావణములో, మార్కండేయ స్వామి రథోత్సవమునకు ఇంకను వారము దినములుండగా, మా సంఘములోని ఒక పాత సభ్యుని ఇంట ఈ అనర్థము వచ్చిపడినది. ఆయనకు అరువది నాలుగేండ్లు. కొడుకు తండ్రి మోకాళ్ళ నొప్పి చూడలేక ఒక బ్యాటరీ సైకిలు కొనిపెట్టినాడు. మొదట అది నెమ్మదిగానే పోయెడిది. ఒక నెల గడిచిన పిమ్మట మరమ్మతుకు తీసుకొనిపోగా అంగడిలోని కుర్రవాడు లోపలి తీగ ఒకటి పీకి, "ఇప్పుడు చూడు తాతా, ఎట్ల పోతదో" అని ఇచ్చినాడు. నిజముగనే అది 40 కిలోమీటర్ల వేగము అందుకొన్నది. పెద్దాయన భయపడి దానిని వాడుట తగ్గించినాడు. పదునైదేండ్ల మనుమడు ట్యూషనుకు పోవుటకు వాడుట మొదలుపెట్టినాడు. ఒకనాటి సాయంకాలము, గంపలో కూరలు పెట్టుకొని రోడ్డు దాటుచున్న ఒక ముసలమ్మను గుద్దినాడు. ఆమెకు తుంటి ఎముక విరిగినది.

కొడుకుతో పాటు మేమును ఠాణాకు పోయినాము. అక్కడి అధికారి కఠినముగా మాట్లాడలేదు. బండి కాగితములు మాత్రము అడిగినాడు. మా చేతిలో ఉన్నది అంగడి బిల్లు ఒక్కటే. దానిమీద "ఎలక్ట్రిక్ సైకిల్, ఒకటి" అని వ్రాసియున్నది. మోటారు బలమెంతో లేదు, నమూనా పేరు లేదు, పరీక్ష జరిగినట్లు ఒక్క అక్షరము లేదు. మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు వచ్చి బండిని నడిపించి చూచినాడు. అది 25 కిలోమీటర్లకు మించి పోవుచున్నదని వ్రాసినాడు. ఆ ఒక్క వాక్యముతో నిన్నటి సైకిలు నేడు మోటారు వాహనమైనది. రిజిస్ట్రేషను లేని మోటారు వాహనము, బీమా లేని మోటారు వాహనము, లైసెన్సు లేని మైనరు నడిపిన మోటారు వాహనము! వ్యవహారము ఇంకను కోర్టులో ఉన్నది. కావున ఆ కుటుంబమును గూర్చి ఇంతకంటె చెప్పుట భావ్యము కాదు. ముసలమ్మ వైద్యమునకైన ఖర్చు కొరకు ఇంటి కోడలి మెడలోని గొలుసు తాకట్టులో ఉన్నదని మాత్రము చెప్పుదుము.

ఇక చట్టములో ఏమున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము యంత్రబలముతో రోడ్డుమీద నడుచునది ఏదైనను సామాన్యముగా మోటారు వాహనమే. ఆ బలము పెట్రోలుదా, కరెంటుదా అన్న విచక్షణ లేదు. అట్టిది మన సైకిలు ఎట్లు తప్పించుకొనుచున్నది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 2వ నియమము 'యు' ఉపనియమము బ్యాటరీ వాహనమన నేమో చెప్పి, దానికి ఒక మినహాయింపు చేర్చినది. పెడలు తొక్కు సైకిలునకు సహాయముగా అమర్చిన మోటారు యొక్క "ముప్పది నిమిషముల బలము" 0.25 కిలోవాట్ల కంటె తక్కువగా ఉండవలెను. వేగము పెరిగిన కొలది ఆ సహాయము క్రమముగా తగ్గి, 25 కిలోమీటర్లు చేరుసరికి పూర్తిగా ఆగిపోవలెను. తొక్కువాడు తొక్కుట మానినచో అంతకు ముందే ఆగవలెను. తగిన బ్రేకులు, ముందర తెల్లని ప్రతిఫలకము, వెనుక ఎర్రని ప్రతిఫలకము ఉండవలెను. ఇట్లున్న బండి మోటారు వాహనము కాదు. పెడలు లేని చిన్న బ్యాటరీ స్కూటర్లకు కూడ ఇదే ఉపనియమములో 0.25 కిలోవాట్లకు, 25 కిలోమీటర్లకు లోబడి మినహాయింపు ఉన్నది.

ఇంతవరకు అంగడివాడు కూడ చెప్పును. చెప్పకుండ మ్రింగివేయు మాట ఒకటున్నది. ఈ షరతులన్నియు 126వ నియమములో పేర్కొనబడిన పరీక్షా సంస్థలలో ఏదో ఒకటి పరీక్షించి ధృవపరచియుండవలెను. పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, మానేసరులోని ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ ఆటోమోటివ్ టెక్నాలజీ అట్టి సంస్థలు. బండి నెమ్మదిగా పోయినంత మాత్రమున మినహాయింపు రాదు. మోటారు చిన్నదైనంత మాత్రమున రాదు. నెమ్మదిగా పోవునని, చిన్నదని ఆ సంస్థ వ్రాసియిచ్చిన పత్రము వలన వచ్చును. మన పడుగులో ఎన్ని పోగులున్నవో మనకు తెలిసినను, సంఘము లెక్కించి ముద్ర వేయనిదే మజూరీ రాదు కదా. ఇదియు అట్టిదే.

ఇది కేంద్ర నియమము. కనుక షోలాపూరులో ఒకటి, సేలములో ఒకటి, బరంపురములో ఒకటి, యానాములో మరొకటి అను భేదము లేదు. జరిమానాను అక్కడికక్కడే కట్టి రాజీపడు మొత్తములలో రాష్ట్రమునకు రాష్ట్రమునకు తేడా ఉండవచ్చును గాని, బండి సైకిలా మోటారు వాహనమా అను నిర్ణయము అన్నిచోట్ల ఒక్కటే.

"ముప్పది నిమిషముల బలము" అను మాటను గూర్చి కొంచెము ఆగి చెప్పవలసియున్నది. మన సభ్యులలో చాలమంది మమ్ము అడిగినది ఇదియే. ఒక మోటారు రెండు మూడు నిమిషములు ఎక్కువ బలముతో తిరుగగలదు. అట్లే తిరుగుచుండిన వేడెక్కి చెడును. అరగంటసేపు ఆగకుండ ఎంత బలము నిలకడగా ఇవ్వగలదో అది దాని ముప్పది నిమిషముల బలము. 0.25 కిలోవాట్లనగా 250 వాట్లు. ఒక గుర్రపు బలములో మూడవ వంతు. సాధారణముగా సైకిలు తొక్కు మనిషి నిలకడగా ఇచ్చు బలము సుమారు 100 వాట్లే. అనగా చట్టము మనకు మన కాళ్ళతో పాటు ఇంకొక ఇద్దరి కాళ్ళను అనుమతించుచున్నది. నాలుగు నూలు కట్టలు వెనుక పెట్టుకొని చిన్న మిట్ట ఎక్కుటకు అది చాలును.

వేగపు హద్దును గూర్చి మన యువకులు విసుగుకొనుచున్నారు. మా కార్యవర్గ సమావేశములోనే ఒకరు, "పనిదినము ఎనిమిది గంటలు, అందులో రోడ్డుమీద ఎంతసేపు పోగొట్టుకొందుము? ఈ 25 హద్దు ఎవరో కారులో తిరుగువారు పెట్టినది" అన్నారు. ఈ అభిప్రాయముతో మేము ఏకీభవింపము. 25కు బదులు 40 వేగముతో పోవు బండి తగిలిన దెబ్బలో ఉండు శక్తి రెండున్నర రెట్లు. సైకిలు బ్రేకులు, సైకిలు టైర్లు, సైకిలు చట్రము ఆ వేగమునకు చేసినవి కావు. మన నేత వాడలు ఎట్టివి? ఇరువైపుల అరుగులు, నడుమ పిల్లలు, కండెలు చుట్టు స్త్రీలు, ఎండబెట్టిన నూలు. ఆ సందులలో 25 వేగమే మాకు ఎక్కువగా తోచుచున్నది. ఇంతకంటె వేగము కావలెననువారు రిజిస్ట్రేషను గల కరెంటు స్కూటరు కొనుక్కొనవచ్చును. ఆకుపచ్చ నంబరు పలక గలవి అవియే. బ్యాటరీ వాహనములకు రిజిస్ట్రేషను రుసుమును కేంద్ర ప్రభుత్వము 2021 ఆగస్టులో మినహాయించినది కూడ. లైసెన్సు, బీమా, హెల్మెటు తప్పవు. స్కూటరు వేగము, సైకిలు కాగితములు, ఈ రెండును ఒక్కచోట కావలెనన్నచో కుదరదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి సైకిళ్ళ చిత్రములు పంపుచున్నారు. వానిమీద 750 వాట్లు అని ఉండుట చూచి, "అక్కడ సైకిలైనది ఇక్కడ ఎందుకు కాదు?" అని ఒక సభ్యుడు వాదించినాడు. ఆ దేశములో 2002లో వచ్చిన చట్టము పెడలు గల బండికి 750 వాట్ల లోపు, మోటారు మీదనే పోయినచో గంటకు 20 మైళ్ళ లోపు అని హద్దు పెట్టినది. యూరపు దేశములలో 2013 నాటి నిబంధన ప్రకారము 250 వాట్లు, 25 కిలోమీటర్లు. మన అంకెలు యూరపు అంకెలకు దగ్గరివి. ఏ దేశపు రోడ్డు మీద తొక్కుదుమో ఆ దేశపు అంకెయే మనకు ప్రమాణము. కంప్యూటరులో చూచి తెప్పించుకొను మోటార్ల మీద 350, 500, 750 అని ఉన్నచో అవి మన మినహాయింపుకు పనికిరావని అర్థము. సరిగా 250 అని ఉన్నను జాగ్రత్తగా చూడవలెను. నియమములో ఉన్నది "కంటె తక్కువ" అను మాట.

పాత సైకిలుకే మోటారు బిగించుకొను పద్ధతి ఒకటి మనలో బాగుగా వ్యాపించుచున్నది. ఖర్చు తక్కువ, తాత కాలపు గట్టి సైకిలు వృథా పోదు. మాకును అది చూచి ముచ్చటగానే ఉన్నది. కాని పరీక్షా సంస్థ ధృవపరచునది ఫలానా బండి ఈ షరతులకు లోబడియున్నదని. మన వీధిలోని మెకానికు బిగించిన సైకిలును ఏ సంస్థ చూచినది? మోటారు డబ్బాలో ఏదో ధృవపత్రము ఉన్నను అది ఆ సైకిలుకు చెందదు. రేపు ఇన్‌స్పెక్టరు ముందర చూపుటకు వానివద్ద ఏమియు ఉండదు. కొందరు అంగడివారు బ్యాటరీకి సంబంధించిన ధృవపత్రమును చూపి, ఇదియే ఆ పత్రమని నమ్మించుచున్నారు. బ్యాటరీ పత్రము బ్యాటరీకే. (బ్యాటరీ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: నూలు ఉన్న గదిలో రాత్రివేళ దానిని చార్జింగు పెట్టి పండుకొనకుడు.)

మోసపు బండ్లు కొద్దిగా ఉన్నవని ఎవరును అనుకొనవలదు. 2022 మే నెలలో మహారాష్ట్ర రవాణా శాఖ ఇట్టి బండ్లపై తనిఖీలు జరుపవలసినదిగా ఉత్తరువు చేసినది. 250 వాట్ల మినహాయింపు పేరు చెప్పి, ఎక్కువ బలము ఎక్కువ వేగము గల బండ్లను అనుమతి లేకయే అమ్ముచున్నారని, అనుమతి పొందిన నమూనాలను కూడ పిమ్మట మార్చివేయుచున్నారని అప్పుడు బయటపడినది. పత్రము లేని బండి కొన్నవారిలో ఎందరు తెలిసి కొన్నారు, ఎందరు తెలియక కొన్నారు? మన ఇండ్లవరకు చూచినచో నూటికి తొంబదిమంది తెలియకయే కొన్నారని మా నమ్మకము.

తెలియక చేసినను శిక్ష తప్పదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న సవరణల ప్రకారము లైసెన్సు లేకుండ మోటారు వాహనము నడిపినచో 5,000 రూపాయలు. బీమా లేకున్న మొదటి తప్పుకు 2,000 రూపాయలు లేక మూడు నెలల వరకు జైలు, లేక రెండును. రిజిస్ట్రేషను లేకుండ నడిపినచో 2,000 నుండి 5,000 వరకు. యజమాని బండిని చట్టవిరుద్ధముగా మార్పించినచో ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయలు లేక ఆరు నెలల వరకు జైలు. అన్నిటికంటె భయంకరమైనది 199-ఎ సెక్షను. మైనరు మోటారు వాహనముతో నేరము చేసినచో సంరక్షకుడుగాని యజమానిగాని దోషి. మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జుల్మానా. ఆ పిల్లవానికి ఇరువది అయిదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండ జరిగినదనియో, తాను తగిన జాగ్రత్త పడితిననియో ఆ పెద్ద నిరూపించుకొనవలెను. తాళపుచెవి మనమే గోడకు తగిలించి పెట్టి, తెలియదనుట ఎట్లు?

జరిమానాలు చిన్న సంగతి. బీమా లేని మోటారు వాహనము వలన ఒకరికి కాలు పోయినను ప్రాణము పోయినను, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నిర్ణయించు నష్టపరిహారమును యజమాని తన చేతినుండి పెట్టుకొనవలెను. ఇల్లు, మగ్గము, సంఘములోని వాటా, ఏది అమ్మియైనను కట్టవలెను. మేము ముఖ్యముగా భయపడుచున్నది దీనికే. ఒక కుటుంబము మూడు తరములుగా కూడబెట్టినది అంగడివాని ఒక్క మాటతో పోవచ్చును.

సరియైన పత్రమున్న బండి గలవారు కూడ పూర్తిగా నిర్భయులని అనుకొనరాదు. మోటారు వాహనము కానంత మాత్రమున రోడ్డు మనది కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను "ఏ వాహనమైనను" ప్రజల దారిలో ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు దుడుకుగా నడుపుటను నేరముగా చెప్పినది. సైకిలును విడువలేదు. నిర్లక్ష్యము వలన ప్రాణము పోయినచో 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు శిక్ష. గాయపడినవారు మనమీద సివిలు కోర్టులో దావా వేయవచ్చును. ఈ మినహాయింపులో వయస్సు ప్రస్తావన లేదు గనుక పిల్లలకు ఇవ్వవచ్చునని కొందరనుచున్నారు. బ్రిటనులో ఇట్టి సైకిలునకు పదునాలుగేండ్లు నిండవలెను. మనవారు కనీసము ఆ కట్టుబాటైనను ఇంటిలో పెట్టుకొనుట మంచిది. హెల్మెటు చట్టము అడుగకపోయినను తల మనదే కదా.

మనలను ఇతరులు గుద్దినచో మన హక్కులేమి? మోటారు వాహనము తగిలి గాయపడిన సైకిలు మనిషికి ఏ హక్కులున్నవో ఇక్కడను అవే. గుద్దిన బండి ఏదో తెలియక పారిపోయినచో, 2022 ఏప్రిల్ 1 నుండి వచ్చిన పథకము క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు కలవు. చాలమంది అడుగక పోగొట్టుకొనుచున్నారు.

కర్ణాటకలోని మన సోదరులకు ఒక మాట. బెంగుళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారి ప్రధాన దారిలో 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనములకు, మూడు చక్రముల వాటికి, మోటారు లేని బండ్లకు ప్రవేశము లేదు. మన బండిని సైకిలనినను, మోటారు వాహనమనినను అక్కడికి పోరాదు. ప్రక్క దారిలోనే పోవలెను. ఇతర రాష్ట్రములలో కూడ ఇట్టి నిషేధపు పలకలున్నచోట పత్రము చూపి వాదించి ప్రయోజనము లేదు. ఇక కూలికి సరుకు మోయు మూడు చక్రముల బ్యాటరీ బండి సంగతి పూర్తిగా వేరు. దానికి 2015లో చట్టములోనే విడిగా నిర్వచనము చేర్చినారు. రిజిస్ట్రేషను, లైసెన్సు కావలసినదే. మన సంఘములు నూలు చేరవేయుటకు అట్టి బండ్లను మాట్లాడుకొనునప్పుడు అవి చూచుకొనవలెను.

నియమము న్యాయమైనదే అంటిమి. కాని అందులో ఒక లోపమున్నది. పరీక్షా పత్రము వెళ్ళునది తయారుచేసినవానికి. శిక్ష పడునది కొన్నవానికి. ఈ రెంటి నడుమ అంగడివాడు హాయిగా ఉన్నాడు. దూరము నుండి చూచు పోలీసువానికి మంచి బండికి చెడ్డ బండికి భేదము తెలియదు. నంబరు పలక రెంటికిని లేదు. అందుచేత నిజాయితీగా కొన్నవాడు కూడ నడిరోడ్డుమీద నిలబడి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుచున్నది. బ్రిటనులో అట్టి సైకిలు మీద మోటారు బలముగాని తయారీదారు పేరుగాని, బ్యాటరీ వోల్టేజిగాని గరిష్ఠ వేగముగాని కనబడునట్లు గుర్తించియుండవలెనని నియమము. మన ఉపనియమములో బ్రేకులు, ప్రతిఫలకములు చెప్పినారు గాని బండి మీది గుర్తును గూర్చిన మాట లేదు. పత్రము సంఖ్య, మోటారు బలము, వేగపు హద్దు, ఈ మూడింటిని చట్రము మీద చెక్కించుట తయారుచేయువానికి ఎంత పని? చీరె అంచున సంఘపు ముద్ర వేయుట మనకెంత పనియో అంతే. పాతకాలములో అనేక పట్టణములలో మామూలు సైకిలుకే పురపాలక సంఘము బిళ్ళ ఉండెడిది. ఆ పన్ను మరల రావలెనని మేము అనము. కాని బిళ్ళ చూచినంతనే తగవు తీరెడిదని మా పెద్దలు చెప్పుదురు.

కనుక మన సంఘముల సమాఖ్య రాష్ట్ర రవాణా శాఖలకు ఈ విషయమై విన్నపము పంపవలెనని మా అభిప్రాయము. చట్రము మీద గుర్తు ఉండవలెనని, బిల్లుతో పాటు పరీక్షా పత్రపు నకలు ఇవ్వని అంగడివానిని శిక్షింపవలెనని అడుగవలెను. నియమములకు విరుద్ధమైన బండి అమ్మినవానికి ఒక్కొక్క బండికి లక్ష రూపాయల జుల్మానా, ఏడాది వరకు జైలు అని చట్టములో 182-ఎ సెక్షను ఉండనే యున్నది. అది కొన్నవానిమీద కేసు పెట్టినంత తరచుగా అమ్మినవానిమీద పెట్టుట మేము చూడలేదు. నియమములను మరాఠీ, కన్నడము, తమిళము, ఒడియా భాషలతో పాటు తెలుగులో కూడ ఒక కాగితము మీద అచ్చువేయించి ఇచ్చినచో మన పెద్దలు చదువుకొందురు.

ఈ లోపల మా సంఘము తనవరకు ఒక తీర్మానము చేసినది. బ్యాటరీ సైకిలుకై సభ్యులు అడ్వాన్సు కోరినచో, పరీక్షా పత్రపు నకలు, దానిలోని నమూనా పేరు బిల్లులోను బండి మీదను సరిపోవుట చూచినగాని పైకము ఇవ్వరాదని నిశ్చయించినాము. ఇద్దరు సభ్యులకు ఇంతకు ముందే ఇట్లు లేదనవలసి వచ్చినది. ఒకరు కోపముతో ఇంకొక చోట అప్పు తెచ్చుకొన్నారు. రెండవవారు అంగడికి మరల పోయి పత్రమడుగగా, ఆ అంగడివాడు "అది కంపెనీలో ఉంటది" అని చెప్పి పంపినాడట. ఆయన ఆ బండి కొనలేదు. వేరొక అంగడిలో పత్రముతో సహా దొరికినది. ధర మూడు వేలు ఎక్కువైనది.

ఇప్పటికే బండ్లు కొనియున్న మా సభ్యులు బిల్లును, వారివద్దనున్న ఏ కాగితమునైనను తీసుకొని వచ్చే సోమవారము ఉదయము పదిగంటలకు కార్యాలయమునకు రాగోరుచున్నాము. తీగలు పీకించుకొన్నవారు సంకోచింపక చెప్పవలెను. మరల బిగించుటకు తెలిసిన మెకానికు ఒకరిని ఆ పూటకు పిలిపించినాము. ఆయన కూలి సంఘమే భరించును.